ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు: నాన్నగారి లివర్ క్యాన్సర్‌కు ఏ వైద్యం?

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 61 ఏళ్ళు, వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల మెకానిక్. పదేళ్ళ కిందట రక్తదానం చేయబోతే హెపటైటిస్ బి ఉందని చెప్పారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని వదిలేశారు. ఇప్పుడు పొట్ట బరువుగా ఉందంటే స్కాన్ తీయించారు, లివర్ కుడివైపు 4.5 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. ఒక డాక్టరు ఆపరేషన్ చేసి గడ్డ తీసేద్దామన్నారు. ఇంకొకరు లివరే మార్చాలన్నారు. మూడో ఆయన తొడ దగ్గర రక్తనాళంలోంచి మందు పంపిద్దామన్నారు. ముక్క తీయకుండానే క్యాన్సర్ అని ఎలా అంటారని మీ బాబాయి గొడవ. అనకాపల్లి అవతల పసరు మందు ఇచ్చేవాళ్ళున్నారని మీ నాయనమ్మ పట్టు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ముగ్గురు డాక్టర్లలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు. ముందు ఆ టెన్షన్ తీసేయండి. లివర్ క్యాన్సర్‌లో మాటలు ఇలా తేడా రావడం మామూలే. నేను ఈ ఊళ్ళో గ్యాస్ట్రో డాక్టరుగా పాతికేళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఈ జబ్బుతో నా దగ్గరకు వచ్చిన ప్రతి కుటుంబమూ మీలాగే రెండు మూడు చీటీలు పట్టుకుని వచ్చేది.

రొమ్ములోనో పేగులోనో క్యాన్సర్ వస్తే ఆ గడ్డ చుట్టూ ఉన్న భాగం చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది. లివర్ అలా కాదు. ఇక్కడ ఎక్కువమందికి రెండు జబ్బులు ఒకేచోట ఉంటాయి. ఒకటి క్యాన్సర్. రెండోది దానికి ఏళ్ళ ముందే మొదలైన సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు పడి, గట్టిపడి, ముడుచుకుపోవడం. హెపటైటిస్ బి, సి, మద్యం, షుగరూ లావు ఒళ్ళూ వల్ల వచ్చే ఫ్యాటీ లివర్, వీటిలో ఏదో ఒకటి దాన్ని ముందే పాడు చేసి ఉంటుంది. మొదటి జబ్బుకు చేసే ప్రతి వైద్యాన్నీ రెండో జబ్బుతో పాడైన లివర్ తట్టుకోవాలి. ఒక డాక్టరు చూపు గడ్డ మీద ఎక్కువ ఆగితే ఒక సలహా వస్తుంది, మిగిలిన లివర్ మీద ఆగితే ఇంకోటి వస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉన్న ఒకాయన్ని నేనే సర్జన్ దగ్గరకు పంపాను. ఆసుపత్రి పేరు అనవసరం. ఆపరేషన్ చక్కగా జరిగింది, గడ్డ మొత్తం వచ్చేసింది. మూడో వారానికి ఆయన కళ్ళు పసుపు పచ్చగా మారాయి, పొట్టలో నీరు చేరింది, మాట తడబడింది. కోసిన తర్వాత మిగిలిన లివర్ ఆ మనిషిని మోయలేకపోయింది. ప్లేట్‌లెట్లు 70 వేలే ఉన్నాయన్న రిపోర్టు ఫైల్‌లోనే ఉంది. దాని అర్థం మేమెవరం సరిగ్గా ఆలోచించలేదు. ఆ తర్వాత నేను ఏ ఫైల్ తెరిచినా స్కాన్ కంటే ముందు రక్త పరీక్షలే చూసేవాణ్ణి.

మీ బాబాయి సందేహం ముందు తీర్చేస్తాను. సిర్రోసిస్ ఉన్న మనిషిలో, మందు ఎక్కించి మూడు దశల్లో తీసే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ ఈ క్యాన్సర్‌ను దాదాపు వేలిముద్రలా పట్టిస్తుంది. ధమని దశలో గడ్డ తెల్లగా వెలుగుతుంది, తర్వాతి దశల్లో చుట్టుపక్కల లివర్ కంటే నల్లబడుతుంది. మీ రిపోర్టులో అదే రాసి ఉంది. పైగా ఏఎఫ్‌పీ, అంటే ఈ క్యాన్సర్‌లో తరచు పెరిగే ఒక పదార్థానికి చేసే రక్త పరీక్ష, 620 ఉంది. అన్ని అవయవాల్లోకీ ఇలా ముక్క తీయకుండానే గట్టిగా చెప్పగలిగే క్యాన్సర్ దాదాపు ఇదొక్కటే. సూది గుచ్చితే రక్తం కారే ప్రమాదం ఉంది, కొద్దిమందిలో సూది దారి వెంట క్యాన్సర్ కణాలు పడే అవకాశమూ ఉంది. అందుకే స్కాన్‌లో అనుమానం మిగిలినప్పుడే ముక్క తీసే బయాప్సీ చేస్తారు. ఏఎఫ్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదనుకోకూడదు, చాలామందిలో అది పెరగదు. పెట్ స్కాన్ కూడా ఈ జబ్బును కొన్నిసార్లు పట్టుకోలేదు, దానికోసం అప్పు చేయకండి.

ఇప్పుడు మీరు పంపిన అంకెలు చూద్దాం. బిలిరుబిన్ (కామెర్ల పసుపు) 1.6, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే మాంసకృత్తు) 3.0, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు) 1.4, పొట్టలో కొద్దిగా నీరు, మతి స్థిమితంగానే ఉంది. లివర్ ఎంత పాడైందో తెలుసుకోవడానికి ఈ అయిదింటికీ మార్కులు వేసి కూడడాన్ని చైల్డ్ పగ్ స్కోరు అంటారు. ఇక్కడ మార్కులు తక్కువ వస్తేనే మంచిది. 5, 6 వస్తే ఏ, 7 నుంచి 9 వరకు బి, 10, ఆపైన వస్తే సి. మీ నాన్నగారికి ఆల్బుమిన్‌కు రెండు, నీటికి రెండు, మిగతా మూడింటికీ ఒక్కొక్కటి, మొత్తం 7. అంటే బి మొదటి మెట్టు. దీనితో పాటు ప్లేట్‌లెట్లు 78 వేలు. ఇవి లక్షలోపు పడ్డాయంటే సాధారణంగా గట్టిపడిన లివర్ వెనక రక్తం ఒత్తిడి పెరిగి, ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం ఉబ్బి ఉంటుంది. అన్నవాహికలో రక్తనాళాలు కూడా ఉబ్బి ఉండొచ్చు. ఎండోస్కోపీ చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి, ఏ వైద్యం ఎంచుకున్నా అది అవసరం.

ఆపరేషన్ అన్న డాక్టరు గడ్డను చూసి అన్నారు. ఒకే గడ్డ, రక్తనాళాల్లోకి పాకలేదు, గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి. లివర్ మామూలుగా ఉండి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఆరోగ్యమైన లివర్‌లో పావు వంతు మిగిల్చినా మళ్ళీ పెరుగుతుంది. సిర్రోసిస్ లివర్‌లో కనీసం నలభై శాతమైనా మిగలాలి, అదీ ఆ రక్తం ఒత్తిడి లేనివాళ్ళలో. మీ నాన్నగారికి పొట్టలో నీరు, తక్కువ ప్లేట్‌లెట్లు రెండూ ఉన్నాయి కాబట్టి నేనైతే కుడివైపు కోతకు ఒప్పుకోను. కోసినా, చెడిన లివర్ మిగిలే ఉంటుంది కనుక అయిదేళ్ళలో సుమారు డెబ్బై శాతం మందికి అందులోనే మళ్ళీ గడ్డలు వస్తాయి.

లివర్ మార్చాలన్న డాక్టరు రెండు జబ్బులనూ కలిపి చూశారు. గడ్డా పోతుంది, గడ్డలు పుట్టించే పాత లివరూ పోతుంది. ఎవరికి పనికొస్తుందన్న లెక్క 1996లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు తేల్చారు. ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్లలోపు, రెండు మూడు ఉంటే ఒక్కొక్కటీ 3 లోపు, రక్తనాళాల్లోకి గానీ లివర్ బయటకు గానీ వెళ్ళి ఉండకూడదు. అలాంటివాళ్ళలో నాలుగేళ్ళ తర్వాత నూటికి 75 మంది బతికి ఉన్నారు. ఇప్పుడు కొన్ని సెంటర్లు ఈ గీతను కాస్త సడలిస్తున్నాయి గానీ మిలాన్ లెక్కే పునాది. మీ నాన్నగారి 4.5 ఆ గీతకు లోపలే ఉంది. అర సెంటీమీటరు దూరంలో ఉంది. అందుకే ఇప్పుడు ఒక్క రోజు కూడా వృథా చేయకూడదు.

లివర్ రెండు దారుల్లో దొరుకుతుంది. బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచి జీవన్‌దాన్ పథకం కింద వచ్చేది ఒకటి. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే అందులో పేరు నమోదు చేయించాలి, ఆ తర్వాత ఎదురుచూపే. రెండోది ఇంట్లోవాళ్ళు ఇచ్చేది. చట్టం దృష్టిలో దగ్గర బంధువులంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాత అమ్మమ్మలు, మనవలు. బ్లడ్ గ్రూపు కలవాలి, దాత లివర్‌లో కొవ్వు ఉండకూడదు. కుడి భాగం, అంటే సుమారు అరవై శాతం తీస్తారు, మిగిలింది కొన్ని నెలల్లో పెరుగుతుంది. దాతకు ప్రాణాపాయం ఉందా అంటే ఉంది. రెండు వందల నుంచి అయిదు వందల మందిలో ఒకరికి. ఈ మాట దాతకు ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాలి, చుట్టాలందరి మధ్యా కాదు. మన దగ్గర ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మీరు నేను ఇస్తాను అని రాశారు. మంచి మనసు. కానీ మీ తమ్ముడికి కూడా పరీక్షలు చేయించిన తర్వాతే నిర్ణయం తీసుకోండి. వద్దనే హక్కు మీకు ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా ఉంటుంది.

ఖర్చు ఇరవై లక్షల పైమాటే, ఆ తర్వాత జీవితాంతం వేసుకోవాల్సిన మందులు వేరు. మీ బియ్యం కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర ముందే అడిగి రాయించుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితం కావాలి, దాన్ని కూడా ఇప్పుడే తీసుకోండి.

తొడ దగ్గర నాళంలోంచి మందు అన్న మూడో డాక్టరు కూడా సరైన మాటే చెప్పారు. దాన్ని టేస్ అంటారు. దీని వెనక లాజిక్ నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. లివర్‌కు రక్తం రెండు పైపుల్లోంచి వస్తుంది. మంచి కణాలు నూటికి డెబ్బై అయిదు వంతులు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర మీద బతుకుతాయి. క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపు పూర్తిగా ధమని మీద ఆధారపడుతుంది. కాబట్టి గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం ఎక్కించి, ధమనిలో గడ్డకు వెళ్ళే కొమ్మ దాకా పోయి, అక్కడ కీమో మందును ఒక నూనెతో కలిపి వదిలి, ఆ కొమ్మను మూసేస్తారు. ఆ నూనె ఏమిటో తెలుసా, అయొడిన్ పట్టించిన గసగసాల నూనె! గడ్డలో అది నిలిచిపోయి స్కాన్‌లో తెల్లగా కనిపిస్తుంది. మత్తు ఇచ్చి పడుకోబెట్టరు, పొట్ట కోయరు. తర్వాత మూడు నాలుగు రోజులు జ్వరం, కుడివైపు నొప్పి, వాంతులు రావచ్చు. గడ్డ చచ్చిపోతున్నప్పుడు ఒళ్ళు అలా స్పందిస్తుంది. జ్వరం వారం దాటినా, చలితో వణికినా, కళ్ళు పచ్చబడినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్ళీ సీటీ తీసి, గడ్డలో ప్రాణం మిగిలితే ఇంకోసారి చేస్తారు.

టేస్ ఒక్కదానితో జబ్బు పూర్తిగా పోవడం అరుదు. మీ నాన్నగారి విషయంలో దాని పని వేరు. దాతను వెతికి, పరీక్షలు చేసి, డబ్బు సమకూర్చుకునే రెండు మూడు నెలల్లో గడ్డ 5 దాటకుండా ఆపాలి. అంటే రెండో డాక్టరు మాటకూ మూడో డాక్టరు మాటకూ పేచీ లేదు, ఒకదాని తర్వాత ఒకటి చేయొచ్చు. కాకపోతే లివర్ బి దశలో ఉంది కనుక, ముందు మందులతో పొట్టలో నీరు తగ్గించి, గడ్డకు వెళ్ళే చిన్న కొమ్మలో మాత్రమే చేయమని అడగండి. లివర్ సగానికి సగం మందు పోస్తే తట్టుకోలేదు.

గడ్డలో సూది పెట్టి వేడితో కాల్చేయడం గురించీ అడిగారు. 2 సెంటీమీటర్లలోపు గడ్డకు అది ఆపరేషన్‌తో సమానం, 3 వరకు బాగా పనిచేస్తుంది. 4.5కి ఒక్కదాన్నే నమ్ముకోలేం. కొన్నిచోట్ల టేస్‌తో కలిపి చేస్తారు. గురి చూసి ఇచ్చే రేడియేషన్ అయిదారు సిట్టింగుల్లో అయిపోతుంది, గొట్టం ఎక్కించడం కుదరనివాళ్ళకు మంచి దారి. యిట్రియం అనే రేడియోధార్మిక పూసలను ధమనిలోకి పంపే పద్ధతి కూడా ఉంది గానీ ఖర్చు చూస్తే గుండె ఆగుతుంది.

ఇక గడ్డ పోర్టల్ సిరలోకి పాకినా, ఊపిరితిత్తులకు ఎముకలకు వెళ్ళినా, కోతలూ మార్పిడీ పక్కనపెట్టి ఒళ్ళంతా తిరిగే మందులు ఇస్తారు. మీ నాన్నగారు ఆ దశలో లేరు, అయినా తెలుసుకోండి. మామూలు కీమో ఈ క్యాన్సర్ మీద పెద్దగా పనిచేయదు. 2007లో సోరాఫెనిబ్ మాత్ర వచ్చేదాకా మా చేతిలో చెప్పుకోదగ్గ మందే లేదు. వచ్చాక కూడా నెలకు 2,80,000 రూపాయలు. ఆ ధర చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు, కొందరికి అసలు చెప్పేవాణ్ణే కాదు, అది తప్పని ఇప్పుడు తెలుసు. 2012లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు ఆ మందు తయారు చేసుకోమని ప్రభుత్వం కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా చెల్లే అనుమతి, ఇచ్చింది. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. నెల మందు ధర 8,880కి దిగింది. ఆ తర్వాత లెన్వాటినిబ్ వచ్చింది. 60 కిలోలలోపు బరువుంటే 8 మిల్లీగ్రాములు, పైన ఉంటే 12. వీటితో అరచేతులు, అరికాళ్ళు మండి పొక్కుతాయి, బీపీ పెరుగుతుంది, విరేచనాలు అవుతాయి. తట్టుకోలేకపోతే మీకు మీరే ఆపేయకుండా డాక్టరుతో చెప్పి డోసు తగ్గించుకోవాలి.

2020 నుంచి ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు పురిగొల్పే వైద్యం, ముందు వరుసలోకి వచ్చింది. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు ఇంజెక్షన్లు మూడు వారాలకోసారి ఇస్తారు. రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో ఏడాది తర్వాత నూటికి 67 మంది బతికి ఉన్నారు, సోరాఫెనిబ్ తీసుకున్నవాళ్ళలో 55 మంది. తేడా నిజమే, అద్భుతం కాదు. రెండో ఇంజెక్షన్ రక్తం కారేలా చేయగలదు, ఎండోస్కోపీ చేయకుండా ఎవరైనా మొదలుపెడతామంటే ఒప్పుకోకండి. లివర్ మార్పిడికి వెళ్ళబోయేవాళ్ళు దీన్ని తొందరపడి తీసుకోకూడదు, కొత్త లివర్‌ను ఒళ్ళు తోసేసే ప్రమాదం ఉంది. ఈ మందులన్నీ చైల్డ్ పగ్ లెక్కలో లివర్ 'ఏ' మెట్టులో ఉన్నవాళ్ళ మీదే ఎక్కువగా పరీక్షించారు. సి దశకు చేరి, మంచం దిగలేని మనిషికి, మార్పిడి కుదరకపోతే, నొప్పీ ఆయాసమూ లేకుండా చూసుకోవడమే సరైన వైద్యం. అలాంటివాళ్ళ చేత ఇల్లు అమ్మించి ఇంజెక్షన్లు చేయించిన కుటుంబాలను చూశాను.

పసరు మందు గురించి మీ నాయనమ్మతో మీరు గొడవ పడొద్దు, నా మాటగా చెప్పండి. మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పసరుకు పేరొచ్చింది అక్కడే. కొన్ని ఆకులు లివర్‌ను నేరుగా దెబ్బతీస్తాయి. మార్పిడికి అన్నీ కుదిరిన ఒకాయన మూడు నెలలు పసరు తాగి బిలిరుబిన్ 14తో తిరిగొచ్చారు. అప్పటికి గడ్డ సిరలోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. మీ ఇంట్లో ఎండుచేపలు రోజూ ఉంటాయని ఊహించగలను. ఉప్పుచేప, ఆవకాయ, అప్పడం ఆపేయండి, పొట్టలో నీటికి ఉప్పే మేత. తాజా చేప, గుడ్డు తెల్లసొన, పప్పు, పెరుగు మాత్రం బాగా పెట్టండి. లివర్ జబ్బంటే మాంసకృత్తులు మానేయాలని పథ్యం పెట్టి మనిషిని ఎండబెట్టడం మన పాత తప్పు. రాత్రి పడుకోబోయే ముందు ఏదైనా తినాలి, ఇడ్లీ అయినా సరే. బూజు పట్టిన వేరుశనగలు పారేయండి, ఆ బూజులోని విషం ఈ క్యాన్సర్‌కు ఒక కారణం. నడుము నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ పూర్తిగా బంద్. నొప్పికి పారాసిటమాల్ 500 మాత్రలు రోజుకు నాలుగు మించకుండా వాడొచ్చు. నిద్రమాత్రలు వద్దు. రోజూ సాఫీగా విరేచనం కావాలి, మతి మందగించినా పగలు పడుకుని రాత్రి మేలుకున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి. సాయంత్రం పని దిగాక కొద్దిగా తాగుతారని రాశారు. ఆ కొద్దీ ఇక లేదు. మార్పిడి టీమ్ మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.

ఎక్కడికి వెళ్ళాలంటే, మీకు దగ్గర్లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గ్యాస్ట్రో విభాగం ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గ్యాస్ట్రో, సర్జన్, గొట్టం ఎక్కించే రేడియాలజీ డాక్టరు, క్యాన్సర్ మందుల డాక్టరు కలిసి కూర్చుని ఒకే ఫైల్ చూసే చోటు కావాలి. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. మా నాన్నగారి కేసు బోర్డులో పెట్టండి అని నోరు తెరిచి అడగండి, మొహమాటపడొద్దు. మార్పిడికి వైజాగ్ నుంచి చాలామంది హైదరాబాద్, చెన్నై వెళ్తారు. వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితాలతో పాటు సీటీ సీడీ కూడా పట్టుకెళ్ళండి. అది లేక మళ్ళీ స్కాన్ తీయించుకున్నవాళ్ళు ఎందరో.

మీరు పంపిన చీటీల్లో మూడింటిలోనూ హెపటైటిస్ బి మందు లేదు. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే. ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ రోజుకొక మాత్ర, ఖరీదైనది కాదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. వైరస్ లోడ్ పరీక్షకు, కిడ్నీ పరీక్షకు రక్తం ఇచ్చి వెంటనే మొదలుపెట్టించండి. వైరస్ అణిగితే లివర్ కొంత కోలుకుంటుంది. చైల్డ్ పగ్ లెక్కలో బి నుంచి ఏకి మారినవాళ్ళను చూశాను. అలా మారితే టేస్‌కూ మార్పిడికీ కూడా బలం వస్తుంది. ఇప్పుడు కాదన్న కొన్ని దారులు మళ్ళీ తెరుచుకోవచ్చు.

ఇంకో పని రేపే చేయండి. మీరు, మీ తమ్ముడు, మీ అమ్మగారు ముగ్గురూ హెచ్‌బీఎస్ఏజీ, అంటే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష, చేయించుకోండి. పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా దేశమంతటా ఇవ్వడం 2011 ప్రాంతంలోనే మొదలైంది, మీ ఇద్దరికీ చిన్నప్పుడు వేసి ఉండే అవకాశం తక్కువ. ఎవరికైనా పాజిటివ్ వస్తే దాతగా పనికిరారు సరే, వాళ్ళకు కూడా గ్యాస్ట్రో డాక్టరును చూపించి, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ అవసరమా అని అడగాలి. మీ నాన్నగారికి పదేళ్ళుగా జరగనిది అదే. నెగటివ్ వచ్చినవాళ్ళకు ఆ రోజే మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది వేయించండి. రిపోర్టులు వచ్చాక ఎండోస్కోపీ ఫలితంతో కలిపి నాకు రాయండి, చూస్తాను.